మేమిద్దరం కోరం

ఆ రోజుల్లో నాకు కుదురు లేదు. (ఇప్పుడు ఉందని కాదు, మోకాళ్లు లేవనివ్వవు కాబట్టి ఉన్నట్టు కనిపిస్తుంది.) బ్రూస్‌పేటలో మా ఇంటి ముందుగదిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే మిషన్లు వేసుకుని, నేనూ మా మరిదీ కలిసి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టిన కొత్త. వయసు యాభై దగ్గర పడుతున్నా కంపెనీల లెక్కన నేను పసిపిల్లనే. సంతకం గీకడం వచ్చు, చదవడం రాదు. అక్షరాలు ఆ తర్వాత మా చిన్న కోడలి దగ్గర దిద్దుకున్నాను, ఇప్పుడు చెప్పబోయే సంగతి జరిగాక సిగ్గుపడి. కంపెనీ అన్నానని పెద్దదేదో ఊహించుకోకండి. వాటాదారులం మేమిద్దరమే, డైరెక్టర్లం మేమిద్దరమే, తగాదా పడేదీ మేమిద్దరమే.

తగాదా ఒక కుర్చీ గురించి. కంటోన్మెంట్‌లో ఏదో ఆఫీసు మూసేస్తుంటే మరిది ఒక తిరిగే కుర్చీ కొనుక్కొచ్చాడు. నల్లది, చేతులున్నది, కింద చక్రాలున్నది. డైరెక్టర్లు ఇద్దరు, కుర్చీ ఒకటి. పొద్దున్నే నేను అందులో కూర్చుంటే వాడు గుమ్మంలో నిలబడి, "వదినా, ఆ కుర్చీలో పెద్దోళ్లకు నడుము పట్టేస్తాదంట," అనేవాడు. వాడు కూర్చుంటే నేను, "గుండీలు కొట్టేటోనికి స్టూలు సాలదా?" అనేదాన్ని. (వాడు నా చేతుల్లో పెరిగినవాడు, అందుకే వాడు అంటున్నాను. ప్యాంట్లకు గుండీలు కొట్టే మిషను వాడిది. భార్య కూడా గుండీలాయన అనే పిలుస్తుంది.) ఒకరోజు నేను కూర్చోబోతుంటే వాడు కుర్చీ లాగాడో, చక్రాలున్నాయి గనక అదే జరిగిందో, నేను వెళ్లి ప్యాంట్ల కుప్పలో పడ్డాను. మిషన్ల మీద ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

ఇట్లా ఉండగా సెప్టెంబరు వచ్చింది, దానితోపాటు ఆడిటర్ సారు ఫోనూ వచ్చింది. ఆయన కన్నడం మనిషి, మా తెలుగులో మాతోపాటే ఈదుతాడు. "అమ్మా, ఏజీఎం మాడలే బేకు. వాటాదారుల సభ ఈ నెలాఖరు లోపల జరగల్ల. రెండేండ్లుగా మీ రిటర్నులు పోలేదు. ఈసారీ తప్పితే మీ ఇద్దరూ డైరెక్టర్లుగా పనికిరారంటారు, కంపెనీ పేరే కొట్టేస్తారు." నిజమే. మొదటి ఏడాది మాకు తెలియక, రెండో ఏడాది మాకు పడక ఎగ్గొట్టాం. బెంగళూరు షాపువాళ్లు ఆర్డర్లు ఇచ్చేది కంపెనీ పేరు మీద. ఆ పేరు పోతే, సంగనకల్లు నుంచి పొద్దున్నే బస్సు పట్టుకుని వచ్చే ఆడవాళ్లంతా మళ్లీ మిరపచేలలోకి కూలికి పోవాలి.

"యాడ పెట్టల్ల సారూ సభ? మైదానంలోనా?" అన్నాను.

"మీ ఇంట్లోనే అమ్మా, ఆఫీసు అదే గదా! కానీ ఇద్దరూ రావల్ల. కోరం ఉండాల. కోరం లేకుంటే అర్ధగంట చూసి లేచిపోవల్ల, మళ్లీ వచ్చే వారమే. అప్పటికి నెల దాటిపోతాది."

నేను విన్న కోరం వేరు. మా చర్చిలో పాస్టరయ్య, "పొరుగువానిది కోరతారా?" అని అడిగితే మేమంతా లేచి, "కోరం!" అనేవాళ్లం. సర్కారు కూడా కంపెనీవాళ్ల చేత ఏడాదికోసారి అట్లా అనిపిస్తుంది కాబోలు అనుకున్నాను. (ఇప్పటికీ నాకది మంచి రూలే అనిపిస్తుంది.)

మాటల్లేవు కదా, మా ఇద్దరి మధ్య కబుర్లు మోసేది అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను మీద పనిచేసే, మేమంతా పిన్ని అని పిలిచే ఆమె. "పిన్నీ, ఆ గుండీలాయనకు చెప్పు. సభలో లేచి కోరం అనల్లంట," అన్నాను. పిన్ని వెళ్లి వచ్చింది. "ఏం కోరం అని అడుగుతాండాడు." "ఏమీ కోరం. రూలది." మళ్లీ వెళ్లింది, మూతి బిగించుకుని మళ్లీ వచ్చింది. "కుర్చీ కూడానా అంటాండాడు." ఆ వారమంతా మిషను లేకపోయినా నా కాలు తొక్కుతూనే ఉంది.

సభ రోజు ఆడిటర్ సారు టైముకే వచ్చాడు. ఆడవాళ్లు మిషన్లు ఆపి గోడవారన కూర్చున్నారు. నడుమ కుర్చీ ఖాళీగా ఉంది. మరిది రాలేదు. సారు గడియారం చూసిన ప్రతిసారీ నేను వాకిట్లోకి వెళ్లొచ్చాను. ఇక ఆగలేక వీధి మలుపు దాకా పోయాను. టీ అంగడి ముందు ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు మహానుభావుడు! పిలవడానికి మాటల్లేవు. టీ పోసేవాడితో అన్నాను, "అప్పా, ఆ ఇస్త్రీ చొక్కాయనకు చెప్పు, ఆడ ఆడోళ్లంతా పని పోతాదని దిగులుతో కూర్చోనుండారని."

మరిది కూడా టీవాడి వైపే చూస్తూ, "వస్తాండానని చెప్పప్పా. కోరం అనేది నోరు తిరగడంల్యా, అదే నేర్చుకుంటాండా," అన్నాడు.

ముందు నేను, వెనక వాడు, మధ్యలో వీధంత దూరం. లోపలికి వచ్చి చెరో స్టూలు మీద కూర్చోగానే సారు, "ఆయ్తు, కోరం ఉందా?" అన్నాడు, ఫైలు తిప్పుతూ. మరిది చర్చిలోలాగా చేతులు కట్టుకుని లేచాడు. "కోరం సారూ. ఆ కుర్చీని కోరం. మా వదినే కూర్చోనీ." నేనూ లేచి, "నేనూ కోరం," అన్నాను.

సారు మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. "ఏందమ్మా ఇది? కోరం అంటే సభకు కావల్సినంత మంది మనుషులు. మీరిద్దరే కోరం!"

"అదే గదా సారూ చెప్తాండేది," అన్నాడు మరిది. "మేమిద్దరం కోరం!"

ఫైలు మూసి ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు సారు. నవ్వడం అయ్యాక, అధ్యక్షులుగా ఎవరో ఒకరు కూర్చోక తప్పదన్నాడు. అప్పుడు మొదలైంది అసలు తగాదా. నువ్వు కూర్చో అంటే నువ్వు కూర్చో అని. "జల్దీ తేల్చండప్పా, బస్సు పోతాది," అని పిన్ని అరిచింది. మరిది కుర్చీ వెనక్కి వెళ్లి వీపును రెండు చేతులా పట్టుకున్నాడు. "ఈసారి లాగనులే. కూర్చో వదినా," అన్నాడు. కూర్చున్నాను. సభ ముగిసేదాకా వాడు చేతులు తీయలేదు.

ఆ కుర్చీ ఇప్పుడు తిరగదు. చక్రాలు ఊడితే కింద ఇటుకలు పెట్టాం. సభ నోటీసు నేనే చదువుతాను, కూడబలుక్కుని, వేలు పెట్టి. మొన్న సెప్టెంబరులో మరిది కాలినొప్పితో ఆలస్యం చేశాడు. ఆడిటర్ సారు, "అర్ధగంట కావస్తా ఉండాదమ్మా," అన్నాడు. "ఉండప్పా, వస్తాడు," అన్నాను. ఆ కుర్చీ కోసం అంత తహతహలాడిన నేనే, అందులోనే కూర్చుని గుమ్మం వైపు మెడ సాచి చూస్తూనే ఉన్నాను, ఇస్త్రీ చొక్కా కనబడుతుందేమోనని.