సైడ్‌పాడ్ మీద నాయన పేరు

నా ఉద్యోగ జీవితపు చివరి ఏడాది, మే నెలలో, చెన్నైలోని ఒక రేసు కార్ల జట్టుకు ముఖ్య ఏరోడైనమిక్స్ ఇంజనీరుగా నియమితుణ్ణయ్యాను. చక్రాలు బయటికి కనిపించే ఈ ఒంటి సీటు కార్లలో రేడియేటర్లు డ్రైవరుకు రెండు పక్కలా, సైడ్‌పాడ్ అనే పెట్టెల్లో ఉంటాయి. ముందు నోటి గుండా వచ్చిన గాలి రేడియేటరును చల్లార్చి, పైనున్న గాట్ల గుండా వెళ్ళిపోవాలి. మన ఎండలకు తగినట్టు ఆ గాట్ల కొలతలు నేనే నిర్ణయించాను.

జట్టు యజమాని పురసవాక్కంలో బట్టల వ్యాపారి. సైడ్‌పాడ్ మీద తన తండ్రి పేరు రాయించి, రంగు ఆరాక చూడడానికి వచ్చారు.

"ఏంది సార్ ఇది, మా నాయన పేరును ముక్కలుగా కోసి పెట్టినారు? ఈ గాట్లు మూసేయండి."

పేరును వెనుక రెక్క మీదికి మారుద్దామన్నాను. "ఆడ ఎవురు చూస్తారు?" అన్నారు. వేడిగాలి పోయే దారి మూస్తే కొత్త గాలి లోపలికి రాదని బొమ్మ గీసి చూపించాను. "అట్లయితే ముందర నోరు పెద్దది చేయండి. ఇంజనీరు మీరా, నేనా?" అని నవ్వారు. బయటికి దారి లేనప్పుడు నోరు ఎంత పెద్దదైనా గాలి దాని అంచుల మీదుగా పొర్లి కారును వెనక్కి లాగుతుంది, అంతే. రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపాను. అయినా గాట్లు మూతపడ్డాయి.

మా డ్రైవరు వేణు తిరువొత్తియూరు వాడు. వచ్చే సీజనులో అతనికి సీటు ఉంటుందా లేదా అన్నది గాట్లు మూశాక వచ్చిన మొదటి పోటీ మీదే ఆధారపడి ఉంది. మూడో స్థానంలో ఉండగా రేడియోలో, "సార్, ఇంజను వేడెక్కి ఎర్ర లైటు వచ్చేసింది. ఇంకా లాగితే ఇంజను పోతాది" అన్నాడు. వేగం తగ్గించమన్నాను. తగ్గించాడు. ఏడో స్థానంలో ముగించాడు.

మర్నాడు ఇంజను విప్పి చూశాం. ఎక్కడా దెబ్బ లేదు. యజమాని అదే పట్టుకున్నారు. "ఇంజను బంగారం మాదిరి ఉండాదే. వానికి భయం, అంతే." తగ్గించమన్నది నేనేనని చెప్పి, ఉష్ణోగ్రత రికార్డు ఆయన ముందు పెట్టాను. ఆయన దాని వంక చూడలేదు. వేణు సీటు తన మేనల్లుడికి ఇచ్చారు.

ఆ వారమే గాట్లు మళ్ళీ తెరవమని కబురు చేశారు. ఇప్పుడెందుకని అడిగాను.

"వాడు మా అక్క కొడుకు సార్," అన్నారు.

జరగకుండా ఆపిన నష్టానికి విరిగిన ముక్క ఒక్కటీ సాక్ష్యంగా మిగలదు. ఆపినవాడి ఖాతాలో ఓటమి మాత్రం మిగులుతుంది. కాబట్టి గాలి దారిని మార్చే ఏ ఆదేశం మీదనైనా, ఆదేశించినవారి సంతకం పోటీకి ముందే తీసుకోవాలి. నా తర్వాత వచ్చిన ఇంజనీరుకు బాధ్యతలు అప్పగిస్తూ ఈ మాటే మొదట రాసిచ్చాను.