బెల్టు కట్టిన ఖాళీ సీటు

పనివాళ్లను ఎక్కించుకొచ్చే వ్యాను నడిపేది బాబాయే గాని, పక్కన కూర్చుని దారి చెప్పేది ఆయన భార్య దయ్యమట. బట్టలు కుట్టే షెడ్డులో కాలర్లు కుట్టే అక్క ఈ మాట అనగానే నాలుగు మిషన్లు ఆగాయి.

"లేకపోతే ఖాళీ సీటుకు బెల్టెందుకే? నా చెవులారా విన్నాను. ఆవిడ అడుగుతుంది, ఈయన జవాబు చెప్తాడు. వాళ్లింట్లోంచి ఆడగొంతు వినపడి ఎన్నేళ్లయిందో! వ్యానులో మాత్రం గలగలా!"

"నీ గొంతే నీకు తిరిగి వినపడి ఉంటుందిలే అక్కా" అన్నారెవరో. అందరూ నవ్వారు. అయినా వారం తిరిగేసరికి ఒక్కొక్కరే అన్నల వెనకో మొగుళ్ల వెనకో బండెక్కి రావడం మొదలుపెట్టారు. వ్యానులో కాజాలు కుట్టే అమ్మాయి ఒక్కతే మిగిలింది. ఆమెను దింపేవాళ్లు లేరు. వ్యాను మానితే పని మానాలి. పని మానితే మళ్లీ ఆ నాలుగు గోడలే.

సోమవారం పొద్దున మంచు ఇంకా విడలేదు. ఆమె చివరి సీటులో, తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసి కూర్చుంది. ముందు సీటులో తువ్వాలు కప్పిన ఆకారమేదో ఉంది. దానికి అడ్డంగా బెల్టు బిగించి ఉంది. బాబాయి చెయ్యి తువ్వాలు కిందికి పోయింది. టక్కుమంది.

వ్యాను నాలుగు మూలల నుంచీ సన్నటి బుస. అందులోంచి, నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు, "...తిన్నారా".

ఆ వెంటనే ఆమె చెవి పక్కనే, స్పష్టంగా: "ఏమండీ, తిన్నారా?"

ప్రతి మాటా అంతే. ముందు దాని నీడ, తర్వాత మాట.

"ఆఁ, తిన్నాను" అన్నాడు బాబాయి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"అబద్ధం. మీ సంగతి నాకు తెలీదా?"

ఆయన నవ్వాడు.

"...వెనకాల" అంది నీడ.

"ఎవరది వెనకాల? ఎందుకలా దాక్కున్నావ్? ముందుకు రా!"

"బాబాయ్, ఆపండి! నేను దిగిపోతాను!"

బ్రేకు పడింది. బాబాయి వెనక్కి తిరిగి ఆమె మొహం చూసి, గబగబా తువ్వాలు లాగేశాడు. కింద పాత టేపురికార్డరు. దాన్నుంచి ఒక వైరు కొత్త స్టీరియోలోకి పోయింది.

"ఎంత పని చేశాను! నిన్ను కాదమ్మా, మా పెద్ద కూతుర్ని. మాట్లాడవే అంటే సిగ్గుపడి వాళ్లమ్మ వెనక నక్కేది. నేను దూరాన లారీ నడిపే రోజుల్లో మీ పిన్ని క్యాసెట్లు నింపి పంపేది. ఉత్తరం రాయడం రాదుగా. అడిగినదానికి నేను జవాబు చెప్పాలని మధ్యమధ్య ఖాళీ వదిలేది, పిచ్చిది."

"మాట రెండుసార్లు వస్తోంది..."

"టేపు చుట్టలో ఏళ్ల తరబడి ఒత్తుకుని ఉంటే ఒక పొరలో మాట పక్క పొరకు అంటుకుంటుందట. గుంతల్లో ఎగిరిపడకుండా ఈ బెల్టు."

"ఇంట్లోనే వినొచ్చుగా బాబాయ్?"

ఆయన వ్యాను తిప్పి తన ఇంటి ముందు ఆపాడు. క్యారేజీ మరిచిపోయాడట. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది.

గేటు దగ్గర ఒకావిడ క్యారేజీతో నిలబడి ఉంది. మెడకు వదులుగా గుడ్డ చుట్టుకుంది. కిటికీలోంచి అమ్మాయిని చూసి నవ్వి, ఏదో అడిగింది. పెదవులు కదిలాయి, చప్పుడు రాలేదు. మెడ మీది గుడ్డ మాత్రం ఊపిరికి ఉబ్బి, అణిగింది.

"...బాగున్నారా" అంటోంది స్టీరియో.

బాబాయి చటుక్కున దాన్ని ఆపేశాడు. ఆవిడ అప్పటికే తల తిప్పేసుకుంది.

"ఇది వింటే ఏడుస్తుందమ్మా" అన్నాడు మెల్లగా, వ్యాను కదిలాక.

అమ్మాయి లేచి, ఆయన వెనక సీటులోకి వచ్చి కూర్చుంది. "రేపు కూడా ఇదే టైముకు ఉంటాను, బాబాయ్."

కాలర్ల అక్క చెప్పిన బెల్టు నిజమే, గొంతూ నిజమే. పిన్ని చనిపోలేదు. మూడేళ్ల కిందట ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు.