నిమ్మకాయంత తల, ఇరవై రెండు అంగుళాలు

నేను నిజం చెప్పినా జనం నవ్వుతారు. చిన్నప్పుడు ఊరందరి నడకలూ దగ్గులూ చేసి చూపించి సంపాదించుకున్న పేరు, ఊరికే పోతుందా?

అప్పుడు మేం మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దు దగ్గరి బిలోలిలో ఉండేవాళ్లం. అమ్మ జాకెట్లు కుట్టేది. నా తొమ్మిదో ఏట ఒక మధ్యాహ్నం జ్వరంతో పడుకుని ఉంటే, ఉన్నట్టుండి నా వేళ్లు ఉబ్బి పత్తి సంచుల్లా అయ్యాయి. గోడ వెనక్కి వెనక్కి నడిచిపోయింది. ఆ చివర మెషిన్ ముందు అమ్మ చింతగింజంత అయి కూర్చుంది. మెషిన్ చప్పుడు మాత్రం నా చెవిలోనే.

“అమ్మా, నువ్వు చిన్నగయినవ్.”

“మంచిదే, జాకెట్‌కు బట్ట మిగుల్తది,” అంది అమ్మ నవ్వుతూ.

కొలతలివ్వడానికొచ్చిన పక్కింటత్త పరాచికమనుకుని పకపకా నవ్వింది. “వీనికి జ్వరంల గూడ మస్కిరే!”

నాకు ఏడుపొచ్చింది. నేను ఏడవడం అరుదు కాబట్టి అమ్మ మెషిన్ ఆపింది. సంగతంతా విని, మెడలోని టేపు తీసి నా చెయ్యి కొలిచింది. మణికట్టు నుంచి వేలికొన దాకా ఐదున్నర అంగుళాలు. కొలతల పుస్తకంలో పక్కింటత్త నడుము కింద నా చెయ్యి రాసుకుంది. కాసేపాగి మళ్లీ కొలిచింది. ఐదున్నరే.

“నీ కండ్లు ఏమన్న అననియ్యి కొడుకా. టేపు ఐదున్నరే అంటుంది.”

వేళ్లు సంచుల్లాగే ఉన్నాయి. భయం మాత్రం తగ్గింది.

బడిలో టేపు లేదు. అలసిన రోజున నల్లబల్ల దూరంగా వెళ్లిపోయి అక్షరాలు చీమలయ్యేవి. చెబితే, ఆటపట్టిస్తున్నానని గురూజీ బయట నిలబెట్టాడు. నేను చెప్పడం మానేశాను. ఏడో తరగతిలో బడే మానేశాను. తప్పంతా నల్లబల్ల మీద వెయ్యను, లెక్కలకూ వాటా ఉంది.

ఇప్పుడు నాందేడ్‌లో నాది టైలరింగ్ దుకాణం, వెనకే ఇల్లు. మొన్న వానల్లో జ్వరంతో పడుకున్న నా ఎనిమిదేళ్ల బిడ్డ నా వైపే చూసి, “బాపూ, నీ తల నిమ్మకాయంత అయింది,” అంది.

“నాకు పెండ్లినాడే ఎరుక,” అంది నా భార్య వంటింట్లోంచి.

మంచి మాటే. ఇంకో రోజైతే నేనే అనేవాణ్ణి. కానీ బిడ్డ పెదవి వణుకుతోంది. టేపు తీసి దాని చేతికిచ్చి తల వంచాను. “నువ్వే కొలువు.”

వేడి చేతులతో టేపు చుట్టి చదివింది. చదివేది మరాఠీ బడి, అంకెలూ మరాఠీలోనే వస్తాయి. “బావీస్.”

“పొద్దుగాల గూడ ఇర్వై రెండే, బిడ్డా. నాకు గూడ చిన్నప్పుడు గిట్లనే అయ్యేది. మీ నానమ్మ చింతగింజంత అయ్యేది.”

“నానమ్మకు చెప్పినవా?”

“చెప్పిన. ముందు నవ్వింది. తర్వాత కొలిసింది.”

నా భార్య గరిటెతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పెళ్లయి ఇన్నేళ్లలో ఆమెకు ఈ సంగతి చెప్పనే లేదు, ఆమె కూడా నవ్వుతుందని.

“ఇంక నిమ్మకాయంతనే ఉన్ననా?” అని బిడ్డను అడిగాను.

“ఆఁ. గని భయమైతలేదు.”

నా భార్య గరిటె పక్కన పెట్టి, మంచం దగ్గర కూర్చుని తల వంచింది. “నాది గూడ కొలువ్వే.”

ఇరవై ఒకటిన్నర. నాకంటే అరంగుళం తక్కువ. దాని మీద నేను ఒక్క జోకు కూడా వెయ్యలేదు.