ఇంకా ఆరలేదు

మా నల్లపాడు ఎలీషా మేస్త్రి కొయ్య కనిపిస్తే చెంప ఆనించకుండా వదలడు. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, కాసేపు అలాగే ఉండి తీర్పు చెబుతాడు. "ఇంకా ఆరలేదు." ఆ మాట అన్నాడంటే ఇక దేవుడు దిగివచ్చినా రంగు డబ్బా మూత తీయడు.

పెళ్లిచూపుల్లోనూ అంతేనట. అందరూ అమ్మాయి కోసం చూస్తుంటే ఈయన వాళ్ల వీధిగుమ్మానికి చెంప ఆనించి నిలబడ్డాడు. పిల్ల నచ్చిందా అని అడిగితే, గుమ్మం బాగా ఆరిందన్నాడు. ఆ పిల్లే శాంతి. ఇరవై ఏళ్లయినా ఆవిడ ఆ మాట మరిచిపోలేదు, ఆయన్ని మరిచిపోనివ్వదు.

మొన్న కార్తీకం ముసురులో సుబ్బరావమ్మగారి బడ్డీకొట్టు పని ఈయన చేతిలో పడింది. ఆవిడ స్టేషన్ దగ్గర మిరపకాయ బజ్జీలు వేస్తుంది. పాత కొట్టు కాళ్లు బురదలో నాని, చివికి, ఓ పక్కకు ఒరిగిపోయాయి. ఆవిడేమో కడుపు ఆపరేషన్ చేయించుకుని వచ్చి పట్టుమని పదిరోజులు కాకుండానే, కొత్త కొట్టెప్పుడు ఇస్తావని మేస్త్రి ప్రాణం తీసేది.

మేస్త్రి చెంప ఒప్పుకుంటేగా. లోపల తడి ఉండగా పైన రంగు పూస్తే పొక్కులొచ్చి ఊడుతుందని, తడి బయటికి పోయే దారిలేక కొయ్య లోలోపలే కుళ్లుతుందని రోజూ పాఠం చెప్పేవాడు. కొత్త కొట్టును తన షెడ్డులో ఇటుకల మీద ఎత్తిపెట్టాడు. ముసురు వెలిశాక, నీళ్లు పీల్చేది కోసిన కొసలేనంటూ కాళ్ల అడుగులకు మూడుసార్లు అవిసె నూనె పట్టించాడు. బజ్జీలు తినేవాడు కిందికి దూరి చూస్తాడా అని నేను వెటకారం చేస్తే, వాన దూరుతుందిగా అన్నాడు.

ఆ తర్వాత వారం రోజులు ఎండ దంచేసింది. అయినా అదే తీర్పు. నాకు ఒళ్లు మండి, నేనే వెళ్లి కొట్టు పలకకు చెంప ఆనించాను. వెచ్చగా, ఎండుమిరపకాయలా ఉంది.

"ఏం మేస్త్రీ, ఎవర్ని మోసం చేస్తున్నావ్?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "కొయ్య ఎప్పుడో ఆరింది మాస్టారూ. ఆవిడ కుట్లే ఆరలేదు. ఇంకో మూడు వారాలు బరువెత్తకూడదన్నారు. డాక్టరు చెప్పినా వినదు, కూతురు చెప్పినా వినదు. కొట్టు పచ్చిగా ఉందంటేనే ఇంటిపట్టున కూర్చుంటోంది."

ఇన్నాళ్లూ ఈ మనిషినా నేను బద్ధకస్తుడనుకున్నది అని సిగ్గేసింది.

సరిగ్గా అప్పుడే సుబ్బరావమ్మగారు పొట్ట పట్టుకుని మెల్లిగా షెడ్డులోకి వచ్చింది. మేస్త్రిని పక్కకు నెట్టి నా ముందు నిలబడింది. "మాస్టారూ, చర్చిలో ఆదివారం బడి పిల్లలకి అబద్ధమాడకూడదని చెప్పే మనిషి మీరు. మీ నోటితో చెప్పండి. ఆరిందా, లేదా?"

నేను మళ్లీ చెంప ఆనించి, కళ్లు మూసుకుని, వీలైనంత సేపు అలాగే ఉన్నాను.

"మూడు వారాలు పడుతుందమ్మా."

చదువుకున్నవారు చెబితే నమ్మక ఏం చేస్తానని గొణుక్కుంటూ ఆవిడ ఇంటిదారి పట్టింది.

ఆ ఆదివారం అబద్ధాల పాఠం వాయిదా వేసి, జలప్రళయానికి ముందు ఓడకు లోపలా బయటా తారు పూసిన పాఠం చెప్పాను.