గంజి చీర ఆరిన సాయంత్రం

మా ఎదురింటి ఆంటీ పోయారు. తెల్లవారుజామున ఆస్పత్రి నుంచి అంకుల్ ఫోన్ చేసి, "అమ్మా, మీ ఆంటీ ఇక లేదమ్మా" అన్నారు. ఆ వెంటనే, "మీ ఇంట్లో పాలున్నాయా? అమ్మాయి డబ్లిన్ నుంచి వస్తోంది, టీ అయినా పెట్టివ్వాలిగా" అని అడిగారు. ఆయన ఇల్లు చేరగానే పాల డబ్బా పట్టుకుని ఏడుస్తూనే రోడ్డు దాటాను.

ఐర్లండ్‌లోని ఎన్నిస్‌లో మా తెలుగువాళ్ళందరికీ ఆంటీ అంటే గంజి చీరే. షానన్ దగ్గర వైద్య పరికరాల ఫ్యాక్టరీలో యంత్రాల బాగోగులు చూసే ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగానికి ప్యాంటూ చొక్కా, ఇంటికి రాగానే ఫెళఫెళలాడే నేత చీర. ఈ ఊళ్ళో ఎండ చుట్టపుచూపుగా వస్తుంది కాబట్టి ఆ చీరలు ఆరేది డ్రైయర్‌లోనే. గంజి పెట్టిన బట్టలు అందులో వేయొద్దని దాంతోపాటు వచ్చిన పుస్తకంలో రాసుందట. "రాసినవాడికి నేత చీర సంగతి ఏం తెలుసు?" అనేవారు ఆంటీ. వేసి, బట్టల నూగు పట్టే జాలీ మాత్రం వారం వారం కడిగేవారు.

మా పాప పుట్టిన చలికాలంలో మా డ్రైయర్ వేడెక్కడం మానేసింది. గిరగిరా తిరిగేది, బోలెడు మోత పెట్టేది, బట్టలు మాత్రం చల్లగా తడిగానే బయటికొచ్చేవి. రేడియేటర్ల మీద, కుర్చీల మీద, మెట్ల పక్క కమ్మీ మీద ఎక్కడ చూసినా పాప గౌన్లే. ఇల్లు అద్దెకిచ్చినాయన "నో బాదర్, చూస్తా" అని ఊరుకున్నాడు. కొత్తది కొనేద్దామని ఫోన్ తీశాను. పాపను చూడ్డానికొచ్చిన ఆంటీ ఆ ఫోన్ లాక్కుని నా చేతిలో పాత టూత్‌బ్రష్ పెట్టారు.

"తిరుగుతోందిగా, బతికే ఉంది. ముందు ప్లగ్గు పీకు, తెలివితేటలు తర్వాత చూపిద్దువు గానీ."

ఆవిడ దర్జాగా కుర్చీలో కూర్చుని పనంతా నాచేతే చేయించారు. తలుపు దగ్గరి జాలీ కడిగించారు, కింద అరలో పేరుకున్న నూగు తీయించారు, మిషన్‌ను వెనక్కి తిప్పించి ఒక చిన్న బొత్తాం నొక్కించారు. "గాలికి దారి లేకపోతే లోపల వేడి మితిమీరిపోతుంది. అప్పుడది భయపడి మొత్తానికే వేడి ఆపేసుకుంటుంది. దాని తప్పేం లేదు పాపం" అన్నారు. బొత్తాం టక్కుమంది. కాసేపటికి గౌను తీసి చెంపకు ఆనించుకుంటే వెచ్చగా ఉంది. నాకు ఏడుపొచ్చింది. బాలింతను, ఊరికే ఏడుపొచ్చే రోజులు. "థాంక్స్ ఎవరిక్కావాలి? జాలీ కడుగుతూ ఉండు, చాలు" అని విసుక్కున్నారు. ప్రేమ ఎక్కువైతే ఆవిడ విసుక్కునేవారు. మీ ఇంట్లో డ్రైయర్ ఉంటే ఈ వారం జాలీ కడగండి. ఆవిడ ఇంతకుమించి ఎవరినీ ఏమీ కోరేవారు కాదు.

ఆంటీకి కట్టాల్సిన బట్టలు సాయంత్రంలోగా తెచ్చివ్వమని అంత్యక్రియల ఏర్పాట్లు చూసేవాళ్ళు చెప్పారు. మధ్యాహ్నం నేను మళ్ళీ వెళ్ళేసరికి బయట కుండపోత వాన. అంకుల్ డ్రైయర్ ముందు నిలబడి ఉన్నారు. లోపల ఎర్రంచు పసుపు చీర తిరుగుతోంది.

"వేడి రావట్లేదమ్మా. పొద్దుట్నుంచీ ఇంతే."

"డాడ్, జస్ట్ గివ్ దెమ్ ద సిల్క్ వన్. ఇట్ విల్ బీ గ్రాండ్" అంది వాళ్ళమ్మాయి మెల్లగా.

"పట్టు కడితే ఒళ్ళు మంటనేది మీ అమ్మ. గంజి లేని చీరతో ఎప్పుడైనా గడప దాటిందా? ఇప్పుడు నలిగిన చీరలో పంపమంటావా?" అన్నారు అంకుల్.

ముందు ప్లగ్గు పీకాను. జాలీ బయటికి లాగితే దాని నిండా తెల్లటి పొర, అప్పడంలా బిగుసుకుపోయి ఉంది. ఆంటీ ఇంట్లో జాలీ ఇలా ఉండడమేమిటని ఆశ్చర్యంగా చూశాను. అంకుల్ తలొంచుకున్నారు.

"మీ ఆంటీ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ నేనే గంజి పెట్టానమ్మా. ఇంటికొచ్చాక కట్టుకుంటుందని ఒక్కో చీరా తీసి ఉతికాను. పల్చగా కాయడం నాకు చేతకాలేదు."

అలమర తలుపు తీసి చూపించారు. చీరలన్నీ అట్టల్లా బిగిసి నిలబడి ఉన్నాయి. ఆవిడ వాటిలో ఒక్కటీ కట్టలేదు.

సింకు దగ్గర గోరువెచ్చని నీళ్ళతో జాలీ తోమడం మొదలుపెట్టాను. "అంతా పోవాలా?" అని అడిగారు అంకుల్. "పోవాలి అంకుల్, గాలికి దారి కావాలి" అన్నాను. ఆయన బ్రష్ నా చేతిలోంచి తీసుకుని మిగతాది తనే కడిగారు. జాలీ తుడిచి పెట్టి, వెనక బొత్తాం నొక్కి, ప్లగ్గు పెట్టాను. ముగ్గురం తలుపు అద్దానికి అరచేతులు ఆనించి నిలబడ్డాం. అద్దం నెమ్మదిగా వెచ్చబడింది.

కాస్త తడిపొడిగా ఉండగానే తీసేయాలి, అప్పుడే ఇస్త్రీకి లొంగుతుందని ఆంటీ అనేవారు. అలాగే ఆపేశాం. అంకుల్ చీర కొసలు రెండు చేతులా పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ హాల్లోకి వెళ్ళారు. ఆ ఇంట్లో చీర మడవడం ఎప్పుడూ ఇద్దరి పనే. అలవాటుగా ఆగి, బిగించి పట్టుకుని ఎదురుగా చూశారు. రెండో కొస ఇంకా డ్రైయర్‌లోనే ఉంది.

నేను కదిలేలోపే అమ్మాయి వంగి దాన్ని అందుకుంది. లాగి విదిలిస్తే చీర ఫెళ్ళుమంది. "నాన్నా, ఇంకొంచెం లాగు" అంది, అచ్చు వాళ్ళమ్మలా విసుక్కుంటూ. ఆయన లాగారు. అంచులు సరిచూసుకుంటూ తండ్రి దగ్గరికి నడిచింది, కొసలు ఆయన వేళ్ళకు అందించింది, వంగి కింది మడత పట్టుకుని మళ్ళీ వెనక్కి నడిచింది.