జగ్గమ్మకు చూపిచ్చిన వాళ్లు

మా తోటికోడలు జగ్గమ్మకి ఒక కన్ను చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయింది. రెండోది మా పాతపట్నం కళ్లంలో పోయింది. ధాన్యం తూర్పారబడుతుంటే పొల్లు పడింది. ఆసుపత్రికి తీసుకెళ్లమంటే వినకుండా దాని మొగుడు, మా మరిది గంగులు ఏదో ఆకుపసరు తెచ్చి పిండాడు. మహా వైద్యుడు మరి! నల్లగుడ్డు మీది పొర పుండై, తెల్లగా పువ్వేసింది.

విశాఖ ఆసుపత్రిలో, చనిపోయినవాళ్లు దానం చేసిన కంటిపొర తెచ్చి కుట్టారు. కొన్నాళ్లు చూసింది, మళ్లీ మసకేసింది. ఇంకోటి కుట్టారు. అదీ నిలవలేదు. జగ్గమ్మ ఏడుపు తన చూపు కోసం కాదు, ఎవరో ఇచ్చినదాన్ని పాడుచేశానని.

మొన్న వేసవిలో డాక్టరమ్మ విశాలి మళ్లీ ఆపరేషన్ అనేసరికి జగ్గమ్మ లేచి నిలబడిపోయింది.

"నాకొద్దు తల్లీ. రెండు పాడుసేసినాను. ఈపాలి ఇంకెవులికైనా ఎట్టండి, ఆలైనా సూస్తారు."

"ఒసే, కావాలని పాడుసేసినావేటి? కూకో. ఆయమ్మ సెప్పింది పూర్తిగా ఇను," అని చెయ్యి పట్టి లాగాను.

మామూలు పొర ఇక నిలవదట. ఈసారి మధ్యలో, చూపు కోసం, గాజులా మెరిసే చిన్న ప్లాస్టిక్ బిళ్ల పెడతారట. దాన్ని పట్టి ఉంచడానికి మాత్రం చుట్టూ ఒకరి కంటిపొర కావాలట.

"సూసినావా అప్పా, మల్లా అదే!" అంది జగ్గమ్మ. అక్కని కదా, నన్ను అప్పా అంటుంది.

"ఆ పొర మసకగా ఉందమ్మా. దాంతో ఎవరికీ చూపు రాదు. మీకు పెట్టకపోతే అది వృథాయే," అంది డాక్టరమ్మ.

జగ్గమ్మ డాక్టరమ్మ గొంతు వైపు ముఖం తిప్పింది.

"అయితే ఎవుల నోటికాడదీ లాక్కోడం కాదు కదా?"

"కాదు."

"మరైతే ఎట్టేయండి."

కట్టు విప్పాక మొదట నన్నే చూసింది.

"ఏటప్పా, ఇన్ని ముడతలొచ్చేసినాయి నీకు?"

"నువ్వు సూడవు కదాని పెంచుకున్నానే," అన్నాను. కళ్లు తుడుచుకున్నాను.

ఇప్పటికీ రోజూ చుక్కలు వేయాలి, ఆసుపత్రికి వెళ్లి చూపించుకుంటూ ఉండాలి. ఆ చుక్కల సీసా జోలికొస్తే చెయ్యి విరగ్గొడతానని గంగులికి చెప్పేశాను. ఆ డాక్టరమ్మ మాత్రం పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.

పెద్దల అమావాస్యకి జగ్గమ్మ తనే వండి, మా అత్తమామల విస్తళ్ల పక్కన ఇంకో మూడు వేసింది. కన్నిచ్చిన వాళ్లకట. పేర్లు తెలియవు, ఉత్త దండమే పెట్టింది. చివరి విస్తట్లో మాత్రం గారెలు కుప్పపోసింది.

"ఒసే, మిగిలినోలేటి పాపం సేసినారు? దానికే అన్నేసినావు?"

"ఆ మనిసి కన్ను పనికిరాదన్నారు కదప్పా. ఇంటే సిన్నబుచ్చుకోదా?" అని ఇంకొకటి వేసింది.