అమ్మవారు పోసిన చేపలు

మొన్న మా మనవరాలు తన ఫ్లాట్ నుంచి ఫోనులో ఒక ఫోటో పంపింది. ఉప్పునీటి తొట్టెలో పెంచుకుంటున్న చేప ఒంటి నిండా తెల్ల చుక్కలు. "అమ్మమ్మా, ఇది ఏటి లా?" అని, చివర ఇక్కడివాళ్ల 'లా' తగిలించి అడిగింది. తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగని పిల్ల, ఆ రెండు ముక్కలకే మురిసిపోయాను. ఆ చుక్కలు చూసేసరికి మాత్రం నా మనసు ఈ మలాయ్ గడ్డ మీద దొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లోకి, మెర్డెకాకు, అంటే స్వాతంత్ర్యానికి, ముందొచ్చిన బడి సెలవుల్లోకి వెళ్లిపోయింది.

అప్పుడు నేను ఇపో పట్నంలో ఆడపిల్లల బడికి కొత్తగా వచ్చిన సైన్సు పంతులమ్మను. స్వాతంత్ర్యం వచ్చే రోజున ప్రదర్శన పెట్టాలనీ, అందులో సముద్రపు చేపల గాజుతొట్టె ఉండాలనీ మా హెడ్‌మిస్ట్రెస్ దొరసాని ముచ్చట. ఆ తర్వాత ఆవిడ ఇంగ్లండు వెళ్లిపోతుంది. సైన్సు గదిని మనవాళ్ల చేతిలో పెట్టవచ్చా అని ఆవిడకు లోపల సందేహం. సెలవులకు తొట్టెను మా ఇంటికి పంపిందంటే అది నాకు పరీక్షేనని తెలుసు. చేపలు బతికితే ఆ గది నాది, చస్తే మరో దొరసానిది.

వచ్చిన కొద్ది రోజులకే చేపల మీద చుక్కలు లేచాయి. మా నాయనమ్మ ఒక్కసారి తొంగిచూసి, "అమ్మోరు పోసినాదే! నీళ్లు కదపకు, ఆ తల్లే సల్లగా సూస్తాది" అని తీర్పు చెప్పి, తొట్టె చుట్టూ వేపమండలు కట్టేసింది. ఇంట్లో తాలింపు బంద్, చేపల కూర సంగతి సరేసరి. నవ్వుకున్నాను గానీ నాకూ ఏమీ తోచక ఊరుకున్నాను. కొన్నాళ్లకు చుక్కలు రాలిపోయాయి. అమ్మవారు దిగిందని నాయనమ్మ చలిమిడి చేసి వీధంతా పంచింది. ఆ తీపి ఇంకా నోట్లో ఉండగానే మునుపటికి రెట్టింపుగా మళ్లీ పోసింది. అమ్మవారు ఒకసారి పోసినవాళ్లకు మళ్లీ పోయదని నాయనమ్మే కదా చెప్పేది! అప్పుడు గాని నా చదువు నాకు గుర్తుకు రాలేదు.

చేప ఒంటి జిగురు కాస్త గీకి బడి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఒళ్లంతా నూగున్న గుండ్రటి పురుగొకటి తాపీగా గిర్రున తిరుగుతోంది. చుక్క రాలిందంటే జబ్బు తగ్గినట్టు కాదన్నమాట. పురుగు తొట్టె అడుక్కి దిగి, అక్కడ పిల్లల్ని పెడుతుంటే, అవి మళ్లీ చేపనెక్కుతున్నాయి. అందుకని అవి పుట్టేలోగా చేపల మకాం మార్చడమే మందనుకున్నాను. గాజుతొట్టె నుంచి ఇంట్లోని పెద్ద నీళ్ల జాడీలోకి, జాడీ నుంచి మళ్లీ తొట్టెలోకి, ఖాళీ అయినదాన్ని కడిగి ఎండబెట్టడం. మార్చిన ప్రతిసారీ కొత్త సముద్రపు నీళ్లు కావాలి మరి.

మా చిన్నాన్నా నేనూ లారీలో సముద్రపు ఒడ్డునున్న లుముత్ వెళ్లి డబ్బాలతో నీళ్లు తెచ్చేవాళ్లం. అడవిలో దాక్కుని దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టులకు చేరతాయని బియ్యం, ఉప్పు దారిలో పట్టుకుంటున్న రోజులవి. మొదటిసారే ఒక మలాయ్ పోలీసు డబ్బాలో వేలు ముంచి, నాలుకకు రాసుకుని, ఉప్పని గ్రహించి కళ్లెర్రజేశాడు. చిన్నాన్న చేతులు కట్టుకుని, "ఇకాన్ సాకిత్ లా, తువాన్" అన్నాడు, చేపకు జబ్బు చేసింది అయ్యా అని. చేపకు జబ్బేమిటని అతను ఒకటే నవ్వు. ఆనాటి నుంచి మమ్మల్ని చూస్తే చాలు, డబ్బా సంగతి వదిలేసి చేపకెలా ఉందని అడిగేవాడు.

మెర్డెకా నాడు చేపలు ఒంటి మీద ఒక్క మచ్చ లేకుండా తొట్టెలో తిరిగాయి. నాయనమ్మ ఆ ఘనతంతా వేపమండలకే ఇచ్చేసింది. జనంలోంచి ఆ పోలీసు, భార్యనూ పిల్లలనూ వెంటబెట్టుకుని నేరుగా తొట్టె దగ్గరికొచ్చి, జబ్బు చేసిన చేప ఏదని నన్నడిగాడు. ఏదో నేనే చెప్పలేకపోయాను. పక్కనే ఉన్న దొరసాని సైన్సు గది తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఆ రోజు నాకు నిజంగానే స్వాతంత్ర్యం వచ్చింది.

మనవరాలికి తొట్టె మార్చమని చెప్పాను. ఇప్పుడు సముద్రం కూడా పొడిగా, సంచిలో దొరుకుతుందట, నీళ్లలో కలుపుకుంటే చాలట. చేపలు కోలుకుంటున్నాయని నిన్ననే చెప్పింది, ప్రాణం కుదుటపడింది. లుముత్ దారిలో ఇప్పుడు ఆపేవాళ్లు లేరు, డబ్బా మూత తీయమనేవాళ్లు లేరు. ఆ భయం పోవడం ఎంత మంచిదో మన ఈడు వాళ్లకే తెలుసు. అయినా ఆ పోలీసు మమ్మల్ని ఆపిన మలుపు దగ్గరికి వచ్చేసరికి, నీ చేపకెలా ఉందని ఎవరైనా అడిగితే బాగుండునని ఇప్పటికీ కారు అద్దం కొంచెం దించుతాను.